గడ్డిని తూచి, చెట్టును కొలిచి: సవానాల లెక్క తేల్చేదెలా?

రాయలసీమ బీళ్ల గురించి పోయిన సంచికలో వచ్చిన వ్యాసం ఈ ప్రాంతపు గుట్టలను, మెట్టలను సవానాలుగా, అంటే గడ్డి నడుమ ఎడమెడంగా చెట్లున్న నేలలుగా, పేర్కొంది. ఆ మాట మీద అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల నుంచి ఈ శీర్షికకు చాలా ఉత్తరాలు వచ్చాయి. ఇతర ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి వాటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా ఊరి చుట్టూ ఉన్న బోడిగుట్టల మీద వాన పడితే మోకాటెత్తు గడ్డి, అక్కడక్కడా తుమ్మ, చండ్ర, రేగు తప్ప మరేమీ కనబడదు. ఒకప్పుడు ఇదంతా అడవేననీ, కొట్టేయడం వల్లే ఇలా అయిందనీ పిల్లలకు చెబుతూ వచ్చాం. మొదటి నుంచీ ఇది సవానాయేనని శాస్త్రజ్ఞులు ఏ ఆధారంతో అంటారు?
— ఒక ఉపాధ్యాయిని, ఉరవకొండ

జవాబు: కొట్టేసిన అడవి, సహజంగా ఏర్పడిన సవానా చూపుకు ఒకే తీరున ఉండవచ్చు కాబట్టి కంటితో చూసి తేల్చగల విషయం కాదిది. నేలంతా పరచుకున్న గడ్డి, దాని నడుమ కొమ్మకు కొమ్మ తగలనంత ఎడంగా పెరిగిన చెట్లు సవానా రూపమని పుస్తకాలు చెబుతాయి. పరిశోధకులు మాత్రం రూపం కన్నా అక్కడి మొక్కల స్వభావాన్ని ముందు చూస్తారు. సవానా గడ్డి నీడకు ఓర్వదు. సవానా చెట్లకు బెరడు మందంగా ఉంటుంది, వేళ్లలో పిండిపదార్థం నిలవ ఉంటుంది, కాలినా నరికినా మొదలు నుంచి మళ్లీ చిగురించే శక్తి ఉంటుంది. ఇటువంటి లక్షణాలున్న మొక్కలన్నీ ఒకచోట చేరడం, అడవి కొట్టేసిన పదేళ్లలోనో ఇరవయ్యేళ్లలోనో జరిగే పని కాదు. అందుచేత మొక్కల పట్టిక రాయడం, బెరడు మందం కొలవడం మొదటి మెట్టు.

రెండో ఆధారం మట్టిలో ఉంటుంది. చెట్లు, పొదలు దాదాపు అన్నీ సి3 పద్ధతిలో గాలిలోని కర్బనాన్ని పట్టుకుంటాయి. ఎండ ఎక్కువగా ఉండే మన వంటి నేలల గడ్డిలో అధిక భాగం సి4 పద్ధతిలో పట్టుకుంటుంది. ఈ రెండు పద్ధతుల్లో బరువైన కర్బనం, అంటే కార్బన్-13, మొక్కలోకి చేరే పాళ్లు వేరు. ప్రామాణిక నమూనాతో పోల్చి వెయ్యికి ఇంత అని చెప్పే లెక్కలో చెట్ల ఆకులు మైనస్ 27 దగ్గర, సి4 గడ్డి మైనస్ 13 దగ్గర ఉంటాయి. ఆకులూ వేళ్లూ కుళ్లి మట్టిలో కలిసినా ఈ గుర్తు చాలావరకు చెరగదు. గుంత తవ్వి పై పొర నుంచి కింది పొర దాకా వరుసగా మట్టిని తీసి కొలిస్తే, లోతుకు పోయేకొద్దీ పాత కాలపు కర్బనం దొరుకుతుంది, దాని వయసును రేడియోకార్బన్ పద్ధతి చెబుతుంది. కింది పొరలు కూడా మైనస్ 13 వైపే మొగ్గితే, ఆ కాలంలోనూ అక్కడ గడ్డిదే పైచేయి అన్నమాట.

మన జిల్లాల్లో ఈ పని చేసేవారు రెండు చోట్ల జాగ్రత్తపడాలి. జొన్న, సజ్జ, కొర్ర కూడా సి4 మొక్కలే, వేరుశనగ, కంది సి3 మొక్కలు. ఒకప్పుడు నాగలి నడిచిన చోట మట్టిని తీస్తే సవానా చరిత్రకు బదులు సేద్యం చరిత్ర బయటపడుతుంది, కాబట్టి ఎన్నడూ దున్నని గుట్టనే ఎంచుకోవాలి. అలాగే మన నేలల్లో సున్నపు కంకర ఎక్కువ. ఆ సున్నంలోనూ కర్బనం ఉంటుంది గనుక, ముందు దానిని ఆమ్లంతో కరిగించి తీసివేయకపోతే లెక్క మొత్తం తప్పుతుంది.

ఇక వాన. ఇప్పుడు బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో పనిచేస్తున్న మహేశ్ శంకరన్, ఆయన సహచరులు ఆఫ్రికాలో 854 చోట్ల కొలిచిన చెట్ల కప్పు (నేలలో చెట్ల గొడుగుల కింద ఉన్న భాగం) వివరాలను ఒకచోట చేర్చి 2005లో 'నేచర్' పత్రికలో ప్రచురించారు. ఏడాదికి సుమారు 650 మిల్లీమీటర్ల లోపు వాన కురిసే చోట చెట్ల కప్పు ఎంతవరకు పెరగగలదన్నది వాన చేతిలోనే ఉంటుందని, అంతకు మించి కురిసే చోట చెట్లు కమ్ముకోగలిగినా మంటలూ మేతా వాటిని ఆపుతున్నాయని వారు తేల్చారు. పత్రికల్లో ఈ 650 అంకె ఒక్కటే తిరుగుతూ ఉంటుంది. నిజానికి అది ఒక గీత కాదు, గణాంకాల అనిశ్చితిని కలుపుకుంటే 516 నుంచి 784 దాకా ఉన్న పట్టీ. అనంతపురం సాధారణ వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు, కర్నూలు, కడపలది 650 నుంచి 700 ప్రాంతం. అంటే ఏ వైపు మొగ్గుతామో వానలెక్క ఒక్కటే చెప్పలేని పట్టీలో మన మూడు జిల్లాలూ పడ్డాయి. పైగా ఆ పరిశోధన చెప్పేది చెట్ల కప్పుకు పైహద్దు మాత్రమే. ఆ 854 చోట్లలో అధిక భాగం ఆ హద్దుకు చాలా కిందనే ఉన్నాయి.

అందువల్ల ఊళ్లకు దగ్గరగా వంటచెరకు కోసం చెట్లు పోయిన మాట నిజమేనని, ఊరికి దూరపు గుట్టల సంగతి మాత్రం మట్టిని పరీక్షించకుండా చెప్పలేమని పిల్లలకు వివరించడం సబబు.

ప్రశ్న: ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుతున్నాను. ప్రాజెక్టు కింద ఒక గుట్ట మీది గడ్డినీ చెట్లనూ కొలవాలని ఉంది. మా ప్రయోగశాలలో పెద్ద పరికరాలు లేవు. ఏమి కొలవాలి, ఎలా కొలవాలి?
— ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: కొడవలి, టేపు, తూనిక, మట్టిని ఆరబెట్టే ఓవెన్ ఉంటే ఈ శాస్త్రంలో సగం పని నడుస్తుంది. ప్రపంచంలో పేరున్న పరిశోధన స్థలాల్లో కూడా నేటికీ చేసేది ఇదే.

మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న ఇనుప చట్రం ఒకటి చేయించుకోండి. దానిని ఎక్కడ వేయాలన్నది మీరు నిర్ణయించకూడదు. మనిషి తనకు తెలియకుండానే గడ్డి ఏపుగా ఉన్న చోట ఆగుతాడు. గుట్ట పటం మీద యాదృచ్ఛిక అంకెలతో ముందే చోట్లు గుర్తించి, అక్కడ రాయి వచ్చినా ముల్లు వచ్చినా అక్కడే వేయాలి. చట్రంలోని గడ్డిని నేల మట్టానికి కోసి, పచ్చిది, ఎండుది, వెడల్పాకు మొక్కలు విడివిడిగా కాగితపు సంచుల్లో వేసి, 60–70 డిగ్రీల వేడిలో ఇక బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి తూచాలి. చదరపు మీటరుకు ఒక గ్రాము అంటే హెక్టారుకు 10 కిలోలు. చట్రంలో 120 గ్రాములు తూగితే హెక్టారుకు 1.2 టన్నులు. అయితే ఒక చట్రంలో 120 వచ్చి, పది అడుగుల అవతల 15 రావడం మన గుట్టల మీద మామూలే. ఆ హెచ్చుతగ్గును నమోదు చేయకుండా సగటు ఒక్కటే రాసిన ప్రాజెక్టుకు విలువ లేదు.

ఇలా తూచినది నిలిచి ఉన్న గడ్డి మాత్రమే. పెరిగినది ఎంత, గొర్రెల పొట్టలోకి పోయినది ఎంత అన్నది తెలియాలంటే కొన్నిచోట్ల ఇనుప వలతో చేసిన బుట్టలు బోర్లించి మేకులు కొట్టాలి. కొన్ని వారాల తర్వాత బుట్ట లోపలి గడ్డికీ బయటి గడ్డికీ ఉన్న తేడాయే మేత. బుట్టను ఒకేచోట ఏడాదంతా ఉంచితే లోపలి గడ్డి మేపిన గడ్డిలా పెరగదు కనుక ప్రతిసారీ చోటు మార్చాలి.

కోయకుండానే గడ్డిని అంచనా వేయడానికి దక్షిణాఫ్రికాలో ఒక పరికరం వాడుతారు. నిలువుగా పట్టుకున్న కడ్డీ వెంట ఒక అల్యూమినియం పళ్లెం జారి గడ్డి మీద పడుతుంది. ఆ పళ్లెం నేలకు ఎంత ఎత్తున నిలిచిందో చూసి గడ్డి బరువును లెక్కగడతారు. అక్కడి క్రూగర్ జాతీయ వనంలో కట్టిన సమీకరణం ప్రకారం పళ్లెం 4 సెంటీమీటర్ల ఎత్తున ఆగితే హెక్టారుకు సుమారు 1,500 కిలోల గడ్డి ఉన్నట్టు. ఈ పరికరాన్ని ఇక్కడి వెల్డింగు దుకాణంలోనే చేయించవచ్చు. సమీకరణాన్ని మాత్రం తెచ్చుకోకండి. గుబురుగా, బిరుసుగా లేచే మన బోదగడ్డి మీద ఆగిన పళ్లెం, మెత్తటి గడ్డి మీద ఆగిన పళ్లెం ఒకే బరువు చెప్పవు. ముందు మీరు కోసి తూచిన చట్రాలతోనే మీ గుట్టకు వేరే సమీకరణం కట్టుకోవాలి.

చెట్ల విషయంలో అటవీశాఖ అలవాటు ప్రకారం రొమ్ము ఎత్తున చుట్టుకొలత తీస్తే ఇక్కడ పనికిరాదు. పొదల్లాగా పెరిగిన చండ్రలో, బలుసులో మొదటి నుంచే నాలుగైదు కాండాలు చీలి ఉంటాయి. నేలకు జానెడు లోపు ఎత్తున ప్రతి కాండాన్నీ విడిగా కొలిచి, చెట్టు గొడుగును రెండు అడ్డకొలతలుగా తీసి, గడకర్రతో ఎత్తు చూడాలి. చెట్టుకు అల్యూమినియం బిళ్ల కట్టి నంబరు వేయాలి, మరుసటి ఏడు అదే చోట కొలిచేందుకు కాండం మీద రంగు గీత పెట్టాలి. కరువు నెలల్లో కాండం నీరు కోల్పోయి కాస్త సన్నబడుతుంది కాబట్టి ఒకసారి నవంబరులో, మరోసారి మేలో కొలిస్తే చెట్టు తగ్గిపోయినట్టు లెక్క వస్తుంది. ఏటా ఒకే నెలలో కొలవండి. అన్నిటికన్నా ముఖ్యంగా మోకాలి ఎత్తు దాటని మొలకలను, మోడు నుంచి వచ్చిన చిగుళ్లను వదలకండి. పది సెంటీమీటర్ల లావు లేనివాటిని లెక్కలోకి తీసుకోని పద్ధతులు అడవులకు సరిపోతాయి. సవానాలో జరిగే అసలు పోరు ఆ చిన్నవాటి మధ్యనే.

నేల పదును (తేమ) కొలవడానికి మట్టిని తడిగా తూచి, 105 డిగ్రీల దగ్గర ఒక రోజు ఆరబెట్టి, మళ్లీ తూస్తే చాలు. జంతువుల ఒత్తిడి తెలియాలంటే కొలిచిన గడుల్లో పెంటికలను లెక్కించి ఊడ్చివేసి, నెల తర్వాత మళ్లీ లెక్కించాలి. జింకలుంటే తిన్నని దారి వెంట నడుస్తూ, కనబడిన ప్రతి మంద ఆ దారికి ఎంత అడ్డదూరంలో ఉందో రాయాలి. దూరం పెరిగేకొద్దీ కంటికి చిక్కనివి ఎన్నో ఆ దూరాల లెక్క నుంచే అంచనా కడతారు.

ప్రశ్న: మన శ్రీహరికోట నుంచే ఇన్ని ఉపగ్రహాలు పోతున్నాయి. ఇంకా కొడవళ్లు, తూనికలు ఎందుకు?
— ఒక విశ్రాంత ఉద్యోగి, ప్రొద్దుటూరు

జవాబు: ఉపగ్రహం చూసేది గడ్డినీ చెట్టునూ కాదు, వెలుగును. పచ్చని ఆకు ఎర్రటి వెలుగును మింగి, కంటికి కనబడని సమీప పరారుణ వెలుగును తిప్పికొడుతుంది. ఈ రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ అనే పచ్చదనపు సూచిక. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక గడి 30 మీటర్లు, సెంటినెల్-2లో 10 మీటర్లు. అంత గడిలో రెండు తుమ్మలు, నాలుగు రేగు పొదలు, మిగతాదంతా గడ్డి ఉంటే వచ్చేది అన్నీ కలిసిన ఒకే అంకె.

వాటిని విడదీయడానికి కాలాన్ని ఆసరాగా చేసుకుంటారు. గడ్డి వానతో లేచి వానతో పోతుంది. చెట్ల పచ్చదనం అంత తొందరగా పోదు. కాబట్టి ఏడాది పొడవునా తీసిన చిత్రాలను వరుసగా పేర్చి, ఎండాకాలంలో మిగిలిన పచ్చదనాన్ని చెట్ల ఖాతాలో, వానల్లో అదనంగా పెరిగినదాన్ని గడ్డి ఖాతాలో వేస్తారు. ఇది మన దగ్గర పూర్తిగా పారదు. మన చెట్లు కొన్ని మాఘం, ఫాల్గుణంలో ఆకు రాల్చి, తొలకరికి ముందే చిగురు తొడుగుతాయి. ఇక సర్కారు తుమ్మ ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. ఉపగ్రహ చిత్రంలో బాగుపడినట్టు కనబడిన బీడు, నిజానికి గడ్డి చచ్చి సర్కారు తుమ్మ కమ్ముకున్న బీడు కావచ్చు. పచ్చదనం పెరిగిందన్న పటాలు పత్రికల్లో చూసినప్పుడల్లా నాకు కలిగే మొదటి సందేహం ఇదే.

2025 జులై 30న శ్రీహరికోట నుంచే వెళ్లిన నైసార్ ఉపగ్రహం ఇక్కడ కొంత మేలు చేయగలదు. అది వెలుగుతో కాక రాడార్ తరంగాలతో చూస్తుంది. అందులోని ఎల్-బ్యాండ్ తరంగాలు ఆకులను దాటి కాండాలను, కొమ్మలను తాకి తిరిగి వస్తాయి కాబట్టి, ఎంత కట్టె ఉందన్నది అంచనా కట్టవచ్చు. అయితే తిరిగి వచ్చిన తరంగపు బలాన్ని టన్నుల్లోకి మార్చాలంటే, నేల మీద ఎవరో చెట్లను కొలిచిన గడులు ఉండి తీరాలి. కాబట్టి కొడవలి, టేపు ఇప్పట్లో పక్కకు పోవు.

ప్రశ్న: కలివికోడి కోసం మా వైపు పొదలను కూడా లెక్కించారని విన్నాను. పిట్టను వెతకక పొదలను లెక్కించడం దేనికి?
— ఒక పాఠకుడు, బద్వేలు

జవాబు: 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడిని 1986 జనవరిలో సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె ప్రాంతంలో, స్థానికుడైన ఐతన్న సాయంతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ తిరిగి గుర్తించారు. అది రాత్రి తిరిగే పిట్ట, పైగా చాలా అరుదు. పిట్టనే వెతుకుతూ తిరిగితే ఏళ్లు గడిచినా లెక్క ఒక కొలిక్కి రాదు. అందుకని పరిశోధకులు పొదల నడుమ మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారాక వాటిమీద పడిన అడుగుల గుర్తులను చూశారు. ఏ పట్టీల మీద కలివికోడి అడుగు పడిందో, ఏవాటి మీద పడలేదో తెలిశాక, ప్రతి పట్టీ చుట్టూ ఉన్న పొదలను లెక్కించి రెంటినీ జతచేశారు.

2004లో ప్రచురించిన ఆ పరిశోధన ఫలితం ఇది: రెండు మీటర్లు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 మధ్య ఉండి, చిన్న పొదలు వెయ్యికి లోపు ఉన్నచోట ఆ పిట్ట ఉండే అవకాశం ఎక్కువ. చెట్లు మరీ పలచబడినా, మరీ కమ్ముకున్నా దానికి పొసగదు. ఇలా ఒకసారి సంబంధం తేలాక, పిట్టను చూడని చోట కూడా పొదల కొలతను బట్టి అది ఉండదగిన నేల ఏదో చెప్పవచ్చు. శాస్త్రజ్ఞులు నమూనా (మోడల్) అనేది స్థూలంగా దీన్నే. కట్టెల నరుకుడు, మేకల మేత ఒక మోతాదు వరకు పొదల మధ్య ఆ ఎడాన్ని నిలిపి ఉంచుతాయి, మోతాదు మించితే చెరిపేస్తాయి; ఆ మోతాదు ఎంతన్నది చెప్పడానికే పొదల లెక్క.

ప్రశ్న: మాది గొర్రెలు కాచే కుటుంబం. ఎండుగడ్డికి నిప్పు పెడితే వానకు లేత గడ్డి బాగా వస్తుందని మా పెద్దలు అంటారు. నిప్పు వల్లే అడవి నాశనమవుతోందని అధికారులు అంటారు. శాస్త్రజ్ఞుల ప్రయోగాల్లో ఏమి తేలింది?
— ఒక డిగ్రీ విద్యార్థి, పత్తికొండ

జవాబు: ముందుగా ఒక మాట. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం, కాబట్టి కింద రాసినదాన్ని అనుమతిగా తీసుకోవద్దు.

నిప్పు మీద ప్రపంచంలోకెల్లా దీర్ఘకాలంగా సాగుతున్న ప్రయోగాల్లో క్రూగర్ జాతీయ వనంలోనిది ఒకటి. 1954లో సుమారు ఏడేసి హెక్టార్ల గడులుగా నేలను విభజించి, కొన్నింటిని ఏటా, కొన్నింటిని రెండేళ్లకు, కొన్నింటిని మూడేళ్లకు ఒకసారి, అదీ వేర్వేరు నెలల్లో కాలుస్తూ, కొన్నింటిని అసలు కాల్చకుండా వదిలి పోల్చడం మొదలుపెట్టారు. నాలుగు దశాబ్దాల తర్వాత లెక్క చూస్తే, కాల్చిన గడుల్లో చెట్ల సంఖ్య అంతగా తగ్గలేదు, వాటి ఎత్తు, బరువు తగ్గాయి. కారణం సులభమే. గడ్డి మంట ఎత్తు తక్కువ. దాన్ని దాటి తల ఎత్తిన చెట్టుకు హాని లేదు. దాటని మొలక పైభాగం కాలిపోతుంది, మళ్లీ వేరు నుంచి చిగురిస్తుంది, మళ్లీ కాలుతుంది. మూడు నాలుగేళ్లు వరుసగా మంట రాకపోతేనో, వానలు బాగా పడి ఒక్కసారిగా పెరిగితేనో ఆ ఉచ్చు నుంచి బయటపడుతుంది. నిప్పు ఎంత తరచుగా, ఏ నెలలో వస్తుందన్నదే ఇక్కడ అసలు కొలత. మంట అయ్యాక లేత గడ్డి వస్తుందన్న మీ పెద్దల మాట నిజమే, ఆ లేత గడ్డిలో మాంసకృత్తులూ ఎక్కువే. కానీ వెంటనే మందను తోలితే వేరులో నిలవ ఉన్న బలమంతా ఖర్చయి ఆ దుబ్బు మరుసటి ఏటికి పలచబడుతుంది.

మేతపై కెన్యాలోని లైకిపియాలో 1995 నుంచి ఒక ప్రయోగం సాగుతోంది. నాలుగేసి హెక్టార్ల 18 గడులకు రకరకాల కంచెలు వేసి, కొన్నింటిలోకి పశువులనే, కొన్నింటిలోకి జీబ్రాల వంటి అడవి జంతువులనే, కొన్నింటిలోకి రెంటినీ, కొన్నింటిలోకి ఏనుగులు, జిరాఫీలతో సహా అన్నిటినీ రానిచ్చారు. మన దగ్గర కృష్ణజింకలకూ గొర్రెలకూ మేతలో పోటీ ఉందా అన్న వాదన తరచుగా వస్తుంది కాబట్టి ఆ ఫలితం చెప్పదగ్గది: ఎండాకాలంలో అడవి జంతువులు పశువుల మేతకు పోటీ అయ్యాయి, వానాకాలంలో బిరుసు గడ్డిని మేసి లేత గడ్డి పైకి రావడానికి తోడ్పడి పశువుల బరువు పెరిగేలా చేశాయి. ఒకే ఋతువులో కొలిచి ఉంటే ఈ రెండు జవాబుల్లో ఒకటే తెలిసేది.

మేతకూ నిప్పుకూ ఉన్న ముడి టాంజానియాలోని సెరెంగెటిలో బయటపడింది. రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి అదుపులోకి వచ్చాక, 1960 ప్రాంతంలో రెండున్నర లక్షలున్న, జింక వంటి పెద్ద జంతువులైన వైల్డ్‌బీస్ట్‌లు 1970ల చివరికి పదమూడు లక్షలు దాటాయి. అవి గడ్డిని మేయడంతో కాలడానికి ఎండుగడ్డి మిగలక మంటలు తగ్గాయి, మంటలు తగ్గడంతో చెట్లు పెరిగాయి. చెట్లు పెరగడానికి వాన, ఏనుగులు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు కూడా కారణం కావచ్చు గనుక, ఒక్కొక్క కారణాన్నీ పెట్టి, తీసి, నమూనాలో సరిచూసి, మంటలు తగ్గడమే ముఖ్య కారణమని 2009లో తేల్చారు. సీమలో కూడా హెక్టారుకు ఒకటిన్నర, రెండు టన్నుల ఎండుగడ్డి లేని చోట మంట పాకదు. మందలు ఎక్కువగా తిరిగే గుట్టల మీద నిప్పు భయం తక్కువగా ఉండేది ఇందువల్లనే. మంద తోలని నల్లమల లోతట్టులో సంగతి వేరు.

ప్రశ్న: ఇంజనీరింగ్ విద్యార్థిని. ఈ కొలతలన్నిటినీ కంప్యూటర్ నమూనాలోకి ఎలా ఎక్కిస్తారు? యాభై ఏళ్లకు మా ప్రాంతం అడవి అవుతుందో, ఎడారి అవుతుందో ఆ నమూనా చెప్పగలదా?
— కర్నూలు

జవాబు: ప్రతి నమూనాకూ అడుగున నీటి జమాఖర్చు ఉంటుంది. కురిసిన వానలో నుంచి వంకలో పారినది, ఆవిరైనది, మొక్కలు తాగినది తీసివేస్తే మిగిలేది నేలలో పదును. ఆ పదును కోసం గడ్డి, చెట్టు ఎలా పోటీపడతాయన్నదే మొదటి చిక్కు. జర్మన్ వృక్షశాస్త్రవేత్త హైన్రిష్ వాల్టర్, గడ్డి పైపొర నీటిని, చెట్లు లోతైన నీటిని వాడుకుంటాయి కాబట్టే రెండూ కలిసి బతుకుతున్నాయని ప్రతిపాదించారు. లోతైన నేలల్లో ఇది బాగానే నప్పుతుంది. మూరెడు మట్టి కింద పరుపురాయి తగిలే మన గుట్టల మీద పై పొర, కింది పొర అన్న విభజనకే చోటు లేదు. అక్కడ చెట్లు రాతి నెర్రెల్లోకి వేళ్లు దింపి బతుకుతాయి. నేల లోతు తెలియకుండా ఈ నమూనాను మన దగ్గర నడిపితే వచ్చే అంకెలకు అర్థం ఉండదు.

ఏడాది సగటు వానను ఎక్కిస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. ఒకే రోజు 60 మిల్లీమీటర్లు కురిస్తే సగం వంకల పాలవుతుంది. అదే 60 మిల్లీమీటర్లు ఆరేసి చొప్పున పది జల్లులుగా పడితే వేరు దాకా దిగకుండానే చాలామటుకు ఆవిరవుతుంది. అందువల్ల రోజువారీ వానను, ముంగారికీ హింగారికీ మధ్య వచ్చే ఎండ విరామాన్ని కూడా నమూనా అనుకరించాలి. ఆ పైన మంట. గడ్డి దుబ్బులు ఒకదానికొకటి అంటుకుని ఉన్నంతవరకే మంట పాకుతుంది. చెట్ల కప్పు సుమారు 40 శాతం దాటితే కింద గడ్డి తెగిపోయి, కాలే విస్తీర్ణం ఒక్కసారిగా పడిపోతుందని ఆఫ్రికాలో ఉపగ్రహ చిత్రాలతో చూశారు. ఇది సమీకరణాల్లో పెట్టినప్పుడు ఒక వింత కనబడుతుంది: ఒకే వాన, ఒకే నేల ఉన్నా, చెట్లు తక్కువగా మొదలైతే మంటల వల్ల సవానాగానే ఉండిపోతుంది, ఎక్కువగా మొదలైతే మంట ఆగిపోయి అడవి అవుతుంది. 2011లో స్టేవర్, ఆర్చిబాల్డ్, లెవిన్ 'సైన్స్' పత్రికలో ఉపగ్రహ వివరాలతో చూపినది ఇదే. వానకాలం పొడవుగా ఉండి ఏడాదికి 1000 నుంచి 2500 మిల్లీమీటర్లు కురిసే చోట్ల ఈ రెండు స్థితులూ పక్కపక్కనే ఉన్నాయి. మనకు అంత వాన లేదు గనుక ఆ ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తేవడం సరికాదు.

గాలిలోని బొగ్గుపులుసు వాయువు మరో చిక్కు. 1958లో క్రమం తప్పకుండా కొలవడం మొదలైనప్పుడు సుమారు 315 పీపీఎం (గాలి పది లక్షల పాళ్లలో 315 పాళ్లు) ఉన్నది, ఇప్పుడు 420 దాటింది. ఈ పెరుగుదల సి4 గడ్డికి అంతగా ఉపయోగపడదు, సి3 చెట్లకు ఉపయోగపడుతుంది. కాలిన మొలక త్వరగా తేరుకుని మంట ఎత్తును దాటిపోతుంది. ప్రపంచంలో చాలా సవానాలు పొదలతో కమ్ముకుపోవడానికి ఇది ఒక కారణమని అనుకుంటున్నారు. ఎంత భాగం కారణమన్నది నమూనాకో రకంగా వస్తుంది.

నమూనాను నమ్మాలా వద్దా అన్నది తేల్చడానికి కొన్నేళ్ల కొలతలను దానికి చూపకుండా దాచిపెట్టి, మిగతావాటితో నడిపించి, దాచినవాటిని అది ఎంత దగ్గరగా చెప్పిందో చూస్తారు. ఎత్తైన స్తంభాలపై పరికరాలు పెట్టి, సెకనుకు పది, ఇరవై సార్లు గాలి కదలికనూ అందులోని బొగ్గుపులుసు వాయువునూ నీటి ఆవిరినీ కొలిచి, ఆ నేల రోజుకు ఎంత కర్బనం తీసుకుందో, ఎంత వదిలిందో నమూనా లెక్కతో పోల్చుతారు. క్రూగర్‌లోని స్కుకూజాలో 2000 నుంచి ఇటువంటి స్తంభం ఉంది.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబుగా నమూనా అడవి అనో ఎడారి అనో ఒక మాట చెప్పదు. వానలు ఈ తీరున మారి, మందలు ఇన్ని ఉండి, సర్కారు తుమ్మ ఈ వేగంతో వ్యాపిస్తే చెట్ల కప్పు ఇంత నుంచి ఇంత మధ్య ఉండవచ్చునని వందల దారులు గీసి చూపుతుంది. మన గుట్టల విషయంలో ఆ దారులు ఒకదానికొకటి చాలా దూరంగా విడిపోతాయి. మొదటి జవాబులో చెప్పిన వానపట్టీ అందుకు ఒక కారణం. నమూనాకు ఇవ్వడానికి ఇక్కడ కొలిచిన ఏళ్లనాటి లెక్కలు తక్కువగా ఉండటం అంతకన్నా పెద్ద కారణం.

ప్రశ్న: రోళ్లపాడు అభయారణ్యం చుట్టూ ఖాళీగా ఉన్న బీళ్లలో మొక్కలు నాటితే కర్బనం నిలవ పెరుగుతుంది కదా?
— ఒక పాఠకుడు, నందికొట్కూరు

జవాబు: నాటిన చెట్టు కాండంలో పెరిగేది కంటికి కనబడుతుంది, సవానాలో కర్బనం మాత్రం చాలావరకు గడ్డి వేళ్లలో, మట్టిలో ఉంటుంది. గుంతలు తవ్వి నేలను కదిలించినప్పుడు పోయేదాన్ని లెక్కలోకి తీసుకోకపోతే జమ మాత్రమే రాసి ఖర్చు వదిలేసినట్టు. పైగా 1988లో ఏర్పాటైన ఆ 614 హెక్టార్ల అభయారణ్యం బట్టమేక పక్షి కోసం. అది దూరం దాకా చూపు సాగే గడ్డినేలల పక్షి, చెట్ల నడుమ ఉండదు.

ప్రశ్న: మా పాఠశాల పిల్లలతో ఇటువంటి కొలత మొదలుపెట్టాలంటే ఏ నెల మంచిది?
— ఒక సైన్సు ఉపాధ్యాయుడు, డోన్

జవాబు: అక్టోబరు చివర, గడ్డి గింజ పట్టాక, మందలు దిగకముందు మొదటి కోత కోయండి. ఏప్రిల్‌లో అదే గడుల పక్కన రెండో కోత. బడి ఆవరణలో ఒక వానమానిని పెట్టి, ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లల చేత రోజూ చూపించి రాయించండి. వాతావరణ శాఖ కూడా ఆ వేళకే కొలుస్తుంది కాబట్టి మీ అంకెలను దగ్గరి కేంద్రం అంకెలతో పోల్చుకోవచ్చు. పిల్లలు గడ్డి కోసేముందు చట్రంలోకి కర్ర పెట్టి కదిలించి చూడాలి, ఆ నెలలో పాములు గడ్డిలోనే ఉంటాయి.